రెండో గొంతు



2020 మార్చి 21, శనివారం. ఉదయం ఏడు గంటలకు జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో సైరన్లు మోగాయి. విమానదాడులప్పుడు జనాన్ని హెచ్చరించే సైరన్లు అవి. ఆ మోతతో దేశమంతటా కరోనా కర్ఫ్యూ మొదలైంది. తొలి రోజుల్లో రొట్టె కొనుక్కోవడానికి కూడా గడప దాటకూడదన్నారు. దినపత్రికలు అంతకు ముందే ఆగిపోయాయి. వాటి ముద్రణ ఆపాలని మార్చి 17న మంత్రివర్గం నిర్ణయించింది. 1971 నుంచి వస్తున్న ‘అల్ రాయ్’ లాంటి పత్రిక కూడా పాఠకుడి వాకిట్లోకి రావడం మానేసింది.

వారం తిరక్కుండా ఒమన్, మొరాకో, యెమెన్ కూడా అదే పని చేశాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో చందాదారులకూ పెద్ద దుకాణాలకూ తప్ప పత్రికల పంపిణీ నిలిపేశారు. అందరూ చెప్పిన కారణం ఒకటే. కాగితం చేతులు మారుతుంది, దానితోపాటు రోగమూ చేతులు మారుతుంది అని. ఆ మార్చి నెలలో ఆ భయాన్ని నేను తప్పు పట్టను. అప్పటికి ఎవరికీ ఏమీ సరిగా తెలియదు. పత్రిక వల్ల అంటుకునే ప్రమాదం చాలా తక్కువని తర్వాత తేలింది. అయితే ఒక సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. కరెన్సీ నోటు చేతులు మారుతూనే ఉంది. రొట్టె పొట్లం, మందుల సీసా మారుతూనే ఉన్నాయి. ఇంటికి అత్యవసరమైన వస్తువుల జాబితా రాసుకున్నప్పుడు అందులో వార్త లేకుండా పోయింది.

అచ్చు ఆగిన మర్నాటి నుంచి పాత్రికేయుల పని తీరు మారింది. డెస్కు ఇంట్లోకి వచ్చింది. మొరాకోలో పత్రికలు పేజీలన్నీ యథాప్రకారం తయారుచేసి, అచ్చుకు పంపే బదులు పీడీఎఫ్‌లుగా ఉచితంగా పంచిపెట్టాయి. నిజానికి అరబ్బు పాత్రికేయులకు ఇంటర్నెట్‌ను ఆశ్రయించడం కొత్తేమీ కాదు. ప్రైవేటు రేడియోకు లైసెన్సు ఇవ్వని రోజుల్లో, 2000 సంవత్సరంలోనే, దావూద్ కుత్తాబ్ అనే పాత్రికేయుడు అమ్మాన్ నుంచి ఇంటర్నెట్ రేడియో మొదలుపెట్టాడు. దాని పేరు ‘అమ్మాన్‌నెట్’. అరబ్బు లోకంలో అదే మొదటిదంటారు. రేడియో మైకు ముందు కూర్చుని మాట్లాడుతున్నాను కాబట్టి ఆ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను.

కాబట్టి ల్యాప్‌టాప్‌లు, వీడియో కాల్స్, పొడవాటి కర్రకు కట్టిన మైకులు, వాటికి తొడిగిన ప్లాస్టిక్ సంచులు, వీటి గురించి ఎక్కువ చెప్పను. అవి ప్రపంచమంతా చూసినవే. అరబ్బు దేశాల్లో అసలు చిక్కు వేరు. ఎన్ని కేసులు, ఎన్ని చావులు, ఏ ఆసుపత్రిలో మంచాలున్నాయి, ఇవన్నీ ఒక్క ప్రభుత్వమే చెబుతుంది. రెండో గొంతు వినిపించదు, వినిపిస్తే ఊరుకోరు. ఆ రెండో గొంతును ఎక్కడ, ఎలా వెతుక్కున్నారన్నదే ఇవాళ నేను చెప్పదలచుకున్న సంగతి.

ప్రభుత్వాలు చెప్పినవన్నీ అబద్ధాలని నా ఉద్దేశం కాదు. జోర్డాన్‌లో ఆరోగ్యమంత్రి సాద్ జాబర్ ప్రతి సాయంత్రం టీవీలో కనిపించి వివరంగా చెప్పేవాడు. జనం ఆయన కోసం ఎదురుచూసేవారు. సౌదీలో ఆరోగ్యశాఖ ప్రతినిధి డాక్టర్ మహమ్మద్ అల్ అబ్ద్ అల్ అలీ ముఖం ఇంటింటికీ పరిచయమైంది. తొలి నెలల్లో జోర్డాన్ రోగాన్ని బాగానే అదుపు చేసింది కూడా. కాని ఏప్రిల్‌లో ఏం జరిగిందో చూడండి. ‘రోయా’ అనే ప్రైవేటు టీవీ వాళ్ళు అమ్మాన్‌లో రోజుకూలీల దగ్గరికి మైకు తీసుకెళ్ళారు. కర్ఫ్యూ వల్ల పని లేదు, పిల్లలకు తిండి పెట్టలేకపోతున్నాం అన్నారు వాళ్ళు. ఆ మాటలు ప్రసారమయ్యాయి. వెంటనే ఆ చానల్ జనరల్ మేనేజర్ ఫారిస్ సాయెగ్‌నూ, వార్తా విభాగం అధిపతి మహమ్మద్ అల్ ఖాలిదీనీ అరెస్టు చేశారు. కొద్ది రోజులకు బెయిలు మీద వదిలారు. వాళ్ళు కేసుల లెక్కను ప్రశ్నించలేదు, వైద్యుల్ని తప్పు పట్టలేదు. ఆకలిగా ఉందన్నవాడి మాట వినిపించారు, అంతే.

లెక్కను ప్రశ్నిస్తే ఏమవుతుందో ఈజిప్టులో, ఇరాక్‌లో తెలిసింది. మార్చి మధ్యలో ఈజిప్టు అధికారిక లెక్క వందకు కాస్త పైన ఉంది. టొరంటోలోని అంటువ్యాధి నిపుణులు, ఈజిప్టు నుంచి తిరిగి వెళ్ళిన ప్రయాణికుల్లో ఎంతమందికి రోగం బయటపడిందో చూసి, విమాన ప్రయాణాల లెక్కలతో పోల్చి, అసలు సంఖ్య 19 వేల పైన ఉండవచ్చని అంచనా వేశారు. కైరోలో ఉన్న ‘గార్డియన్’ విలేఖరి రూత్ మైకేల్సన్ ఆ అంచనాను రాసింది. ప్రభుత్వం ఆమె అక్రిడిటేషన్ రద్దు చేసింది. ఆమె దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఏప్రిల్ 2న ఇరాక్‌లో రాయిటర్స్ సంస్థ, కేసులు అధికారులు చెబుతున్న 772 కాదు, వేలల్లో ఉన్నాయని రాసింది. దానికి ఆధారంగా వైద్యుల్నీ, ఆరోగ్యశాఖలోని మనిషినీ పేర్లు లేకుండా ఉటంకించింది. బాగ్దాద్ ప్రభుత్వం సంస్థ లైసెన్సును మూడు నెలలు నిలిపేసి, రెండున్నర కోట్ల దినార్ల జరిమానా వేసింది. ఆ నెలలోనే ఆ నిషేధం ఎత్తేశారు.

విదేశీ సంస్థకు ఎత్తేశారు సరే, స్థానిక విలేఖరి గతేమిటి? అతనికి వెళ్ళిపోవడానికి మరో దేశం లేదు. అతని ఇల్లు, తల్లిదండ్రులు అన్నీ ఆ ఊళ్ళోనే ఉంటాయి. అందుకే అరబ్బు పాత్రికేయులు నేరుగా ‘ప్రభుత్వ లెక్క తప్పు’ అనకుండా, లెక్క తేల్చే వేరే దారులు వెతుక్కున్నారు. వాళ్ళ నేర్పు నాకు అక్కడ కనిపిస్తుంది.

ఈజిప్టులో వైద్యుల సంఘం ఉంది. చనిపోయిన ప్రతి వైద్యుడికీ ఆ సంఘం సంతాపం ప్రకటిస్తుంది, పేరు, ఊరు, ఏ విభాగంలో పనిచేశాడో చెబుతుంది. కరోనా కాలంలో ఆ సంతాప ప్రకటనలు ఒకదాని తర్వాత ఒకటి రావడం మొదలైంది. ఒక్కొక్క పేరూ ఒక్కొక్క వార్త. ఏ జిల్లా ఆసుపత్రిలో రోగం ఎంత ముదిరిందో, ఏ వార్డులో రక్షణ సామగ్రి అందలేదో ఆ పేర్లను వరసగా పెట్టి చదివితే కొంత అర్థమవుతుంది. సంతాపం తెలిపినందుకు ఎవరినీ అంత తేలిగ్గా తప్పు పట్టలేరు. విలేఖరులు ఆ జాబితాను పట్టుకున్నారు.

డమాస్కస్ సంగతి ఇంకా విశేషం. సిరియాలో ఎవరైనా పోతే బంధువులు ఒక కాగితం అచ్చు వేయించి వీధి గోడల మీద, మసీదు దగ్గర అంటిస్తారు. పోయినవారి పేరు, కొడుకులు, అల్లుళ్ళు, వియ్యంకుల పేర్లు, జనాజా (అంత్యక్రియల) నమాజు ఎప్పుడో, పరామర్శకు ఎక్కడికి రావాలో అందులో ఉంటాయి. మన ఊళ్ళలో కూడలి దగ్గర శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టినట్టే. ఆ కాగితాల ఫొటోలు ఫేస్‌బుక్‌లో కూడా పెట్టేవారు. 2020 వేసవిలో ఆ పేజీలు నిండిపోవడం మొదలైంది. ప్రభుత్వం రోజుకు ఇద్దరో ముగ్గురో పోయారంటోంది. ఫేస్‌బుక్‌లో మాత్రం పేజీ కిందికి జరిపితే జరిపినకొద్దీ కొత్త పేర్లు. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు సిరియా వాళ్ళతో కలిసి ఆ మరణ ప్రకటనల ఆధారంగా లెక్క కట్టారు. సెప్టెంబరు మొదటికి డమాస్కస్‌లో కరోనా చావుల్లో నూటికి 1.25 మాత్రమే అధికారికంగా నమోదయ్యాయని తేల్చారు. అంటే ఎనభై మంది పోతే ఒకరిని లెక్కలోకి తీసుకున్నారు. ఇలా ఇంటివాళ్ళు దుఃఖంలో రాసుకున్న కాగితాలే సాక్ష్యమయ్యాయి.

యెమెన్ కథ ఇంతకన్నా కష్టమైనది. అక్కడ అప్పటికే అయిదేళ్ళుగా యుద్ధం నడుస్తోంది. తొలి కేసు ఏప్రిల్ 10న హద్రమౌత్‌లో బయటపడింది. ఆ మర్నాడే సనాలో హౌతీ తిరుగుబాటుదారుల కోర్టు నలుగురు పాత్రికేయులకు మరణశిక్ష వేసింది. అబ్దుల్ ఖాలిక్ అమ్రాన్, అక్రమ్ అల్ వలీదీ, హారిస్ హుమైద్, తౌఫీక్ అల్ మన్సూరీ. కరెంటు, ఇంటర్నెట్ దొరుకుతాయని ఒక హోటల్లో కూర్చుని పనిచేసుకుంటుండగా 2015లో పట్టుకున్నారు వాళ్ళను. 2023 ఏప్రిల్‌లో ఖైదీల మార్పిడిలో నలుగురూ బయటపడ్డారు కాని, 2020 ఏప్రిల్ 11న యెమెన్ విలేఖరులందరికీ అందిన హెచ్చరిక ఏమిటో ఊహించుకోవచ్చు. అలాంటి చోట రోగం గురించి రాయాలి.

దక్షిణాన ఏడెన్ రేవుపట్నంలో మే నెలలో జనం కుప్పకూలారు. అక్కడ కరోనా చికిత్సా కేంద్రాన్ని నడిపిన ‘డాక్టర్స్ వితవుట్ బోర్డర్స్’ సంస్థ, ఏప్రిల్ చివరి నుంచి మే 17 దాకా తమ దగ్గర చేరిన 173 మందిలో కనీసం 68 మంది చనిపోయారని చెప్పింది. ఊళ్ళో మామూలుగా రోజుకు పది మంది పోతుంటే ఆ రోజుల్లో ఎనభై మంది దాకా పోయారని కూడా చెప్పింది. పరీక్షలు లేవు. లెక్క రాసేవాళ్ళు లేరు. అప్పుడు విలేఖరులు శ్మశానాలకు వెళ్ళారు. గోతులు తవ్వేవాడిని అడిగారు. నిన్న ఎన్ని తవ్వావు, ఈ రోజు ఎన్ని, పోయినేడు ఈ నెలలో ఎన్ని తవ్వేవాడివి? తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ పరిశోధకులు ఏడెన్ శ్మశానాల ఉపగ్రహ చిత్రాలు తీసుకుని కొత్త సమాధుల్ని లెక్కపెట్టారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మామూలుకు మించి సుమారు 2,100 మంది చనిపోయారని అంచనా వేశారు. శ్మశానంలో నిలబడి ఒకరు, ఆకాశం నుంచి చూసి ఒకరు, ఒకే ప్రశ్న అడిగారు.

ఈ పద్ధతి మనకూ తెలిసింది, కాస్త ఆలస్యంగా. 2021 ఏప్రిల్‌లో గుజరాత్‌లో ‘సందేశ్’ పత్రిక విలేఖరులు ఆసుపత్రి శవాగారం బయట కూర్చుని శవాల్ని లెక్కపెట్టారు. అదే ఏడాది రుక్మిణీ ఎస్. అనే పాత్రికేయురాలు ఆంధ్రప్రదేశ్ జనన మరణాల రిజిస్టర్లు చూసి రాసింది. ఒక్క మే నెలలో దాదాపు 1.3 లక్షల మరణాలు నమోదయ్యాయి. మామూలు సంవత్సరాల్లో మే నెలకు 27 వేలు. ఆ నెలలో అధికారిక కరోనా చావులు మూడు వేల లోపే. ఏడెన్ గురించి చదువుతున్నప్పుడు అది ఎక్కడో ఎడారి దేశపు సంగతి అనుకోలేకపోయాను.

కైరోకు మళ్ళీ వెళదాం. ఈజిప్టు జైళ్ళలో ములాఖాత్‌లను 2020 మార్చి 10న ఆపేశారు, రోగం పేరు చెప్పి. లోపల ఉన్నవాళ్ళు ఎలా ఉన్నారో ఇంటివాళ్ళకు తెలిసే దారి పోయింది. వాళ్ళలో ఒకడైన అలా అబ్దుల్ ఫత్తా నిరాహారదీక్షలో ఉన్నాడు. అతని తల్లి లైలా సూయిఫ్ పెద్దావిడ, విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పే ప్రొఫెసరు. కొడుక్కి మందులు, సబ్బు, శానిటైజరు ఇవ్వాలని తోరా జైలు గేటు దగ్గర నిలబడేది. ‘మదా మస్ర్’ పత్రిక సంపాదకురాలు లీనా అత్తల్లా మే 17న అక్కడికి వెళ్ళి ఆమెతో మాట్లాడుతుండగా పోలీసులు అరెస్టు చేశారు. ఆ రాత్రి బెయిలు మీద వదిలారు. ఆ పత్రిక వెబ్‌సైటును ఈజిప్టులో 2017 నుంచే కనిపించకుండా ఆపేశారు. అయినా నడుపుతూనే ఉన్నారు. లోపలివాళ్ళ మాట బయటికి రాని రోజుల్లో జైలు గేటు దగ్గర తల్లిని అడిగి తెలుసుకోవడం తప్ప విలేఖరికి వేరే దారేముంది?

మహమ్మద్ మునీర్ అరవై అయిదేళ్ళ పాత్రికేయుడు. ఈజిప్టులో కరోనాను ప్రభుత్వం ఎదుర్కొంటున్న తీరును విమర్శించాడు, అల్ జజీరాలో మాట్లాడాడు. జూన్ 15న అరెస్టయ్యాడు. జులై 2న విడుదల చేశారు. అప్పటికే రోగం పట్టుకుంది. ఊపిరాడడం లేదని, సాయం చేయమని వీడియోలో వేడుకున్నాడు. జులై 13న ఆసుపత్రిలో చనిపోయాడు. ఆయన మీద మోపిన నేరాల్లో ఒకటి అబద్ధపు వార్తలు వ్యాప్తి చేయడం. ఏ రోగం గురించి రాశాడో ఆ రోగంతోనే పోయాడు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే.

అల్జీరియాలో మరో రకం. 2019 ఫిబ్రవరి నుంచి ప్రతి శుక్రవారం వీధుల్లోకి వస్తున్న జనం, రోగం రాగానే తమంతట తామే ఊరేగింపులు ఆపుకున్నారు. ఆ ఉద్యమాన్ని మొదటి నుంచీ రాస్తున్న ఖాలిద్ ద్రారెనీని ఆ మార్చిలోనే జైల్లో పెట్టారు. వీధులు ఖాళీ అయ్యాయి కాబట్టి అడిగేవాళ్ళు లేరు. మూడేళ్ళ శిక్ష వేశారు, అప్పీలులో రెండేళ్ళకు తగ్గించారు, 2021 ఫిబ్రవరిలో వదిలారు.

ఇక ఇంటి నుంచి పని. అది కరెంటున్న దేశాల మాట. గాజాలో క్వారంటైన్ బయట తొలి కేసులు 2020 ఆగస్టు 24న బయటపడి లాక్‌డౌన్ పెట్టేసరికి, ఇంధనం లేక అక్కడి ఒకే ఒక విద్యుత్ కేంద్రం ఆగిపోయి ఉంది. రోజుకు నాలుగు గంటలే కరెంటు. హెల్మెట్టు, ‘ప్రెస్’ అని రాసిన కవచం తొడుక్కుని బాంబుల మధ్య పనిచేయడం తెలిసిన విలేఖరులు, ఫోన్ చార్జింగ్ చూసుకుంటూ ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. లెబనాన్‌లో ఆర్థిక వ్యవస్థ అప్పటికే కూలింది. ‘డెయిలీ స్టార్’ పత్రిక కరోనా రాకముందే, ఫిబ్రవరిలో, డబ్బు లేక అచ్చు ఆపేసింది.

ఆగస్టు 4 సాయంత్రం బీరుట్ నుంచి బీబీసీ అరబిక్ విలేఖరి మరియం తౌమీ మొరాకోలోని ఒక అధికారితో వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేస్తోంది. సౌరశక్తి మొదలైన వాటి గురించి సంభాషణ. కరోనా వల్ల అలవాటైన పద్ధతే. మాట మధ్యలో గది కంపించింది, ఆమె పడిపోయింది, అరుపులు, అలారం మోత. అవతల తెర మీద ఉన్నాయన ఏం జరిగిందో తెలియక చూస్తూ ఉండిపోయాడు. రేవులో పేలుడు జరిగింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. ‘అన్ నహార్’ పత్రిక కార్యాలయం దెబ్బతిని అక్కడి సిబ్బంది గాయపడ్డారు. అయినా ఆ రాత్రి బీరుట్ విలేఖరులు వార్తలు పంపుతూనే ఉన్నారు.

పుకార్ల సంగతి రెండు మాటల్లో చెబుతాను. సోంపు కషాయం తాగితే రోగం రాదన్నంత అమాయకమైన మాటల నుంచి, టీకాలో ఏదో కలిపారన్న ప్రచారం దాకా అరబిక్‌లోనూ అన్నీ తిరిగాయి. జోర్డాన్‌లో ‘ఫతబయ్యనూ’ లాంటి బృందాలు వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించి నిజమేమిటో రాశాయి. ఓపిక కావలసిన పని అది. అయితే ఒకే గొంతు వినిపించే చోట పుకారు పుట్టక మానదు. అధికారిక మాటను నమ్మనివాడు వాట్సాప్‌ను నమ్ముతాడు.

చివరిగా మన సంగతి. గల్ఫ్‌లో తెలుగువాళ్ళు లక్షల్లో ఉన్నారు. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు. 2020 మార్చి 17న ఖతార్ రాజధాని దోహాలో కూలీల శిబిరాలున్న ఇండస్ట్రియల్ ఏరియాను మూసేశారు. పోలీసు కాపలా పెట్టారు. విలేఖరి లోపలికి వెళ్ళలేడు, కూలీ బయటికి రాలేడు. ఒక్కొక్క గదిలో ఎంతమంది ఉన్నారో, మరుగుదొడ్డి ఎన్ని గదులకు ఒకటో, తిండి వచ్చిందో లేదో లోపలివాళ్ళు ఫోన్లో చెబితేనే ప్రపంచానికి తెలిసింది. వాళ్ళ పేర్లు రాయకుండా, దేశం మాత్రమే చెప్పి, ‘గార్డియన్’ లాంటి పత్రికలు ఆ మాటల్ని అచ్చు వేశాయి. ఆ కొన్ని వారాలు కూలీలే విలేఖరులు. కువైట్‌లో ఏప్రిల్‌లో, వీసా గడువు దాటినవాళ్ళు జరిమానా లేకుండా వెళ్ళిపోవచ్చని క్షమాభిక్ష ప్రకటించారు. వెళ్ళడానికి విమానాలు లేవు. శిబిరాల్లో పడిగాపులు పడినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. మే 9న కువైట్ నుంచి హైదరాబాద్‌కు ‘వందే భారత్’ విమానం వచ్చే దాకా ఇళ్ళల్లో ఆడవాళ్ళు వాట్సాప్‌లో వచ్చే గొంతుల కోసమే ఎదురుచూశారు.

అక్కడ కరోనాతో పోయినవాళ్ళను అక్కడే ఖననమో దహనమో చేశారు. శవం ఇంటికి రాలేదు. అక్కడి పత్రికలకు వాళ్ళు ఒక సంఖ్య. తెలుగు పత్రికల వాళ్ళకు నాదొక విన్నపం. డమాస్కస్ వాళ్ళు గోడ కాగితాలతో చేసిన పని మనం మండలాల వారీగా ఇప్పటికీ చేయవచ్చు. ఏ ఊరి నుంచి ఎవరు వెళ్ళారు, ఏ శిబిరంలో ఉన్నారు, ఏ తేదీన పోయారు, కంపెనీ ఏమైనా ఇచ్చిందా లేదా అని ఇంటివాళ్ళను అడిగి రాయాలి. అడగడానికి వెళితే చెప్పడానికి వాళ్ళు సిద్ధంగానే ఉన్నారు.